మేనత్త లేని గ్రహం

ఆ రోజుల్లో బెంగళూరులో రాత్రి నిజంగానే రాత్రిలా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో ఒక చలికాలం. వీధి దీపాలకు నల్ల మూతలు బిగించి, వెలుతురు కిందికి తప్ప మరెటూ పోకుండా చేశారు. దానివల్ల శత్రువుల విమానాలకు ఎంత ఇబ్బంది కలిగిందో నాకు తెలియదుగాని (మా పేట మీదికి ఒక్కటీ రాలేదు), నగరత్‌పేటలో మా ఇంటి మిద్దె మీద నిలబడితే మాత్రం చుక్కలు తలకు తగులుతాయేమో అన్నట్టుండేది. ఇప్పుడు అదే మిద్దె మీద నిలబడితే పక్కింటివాళ్ళ నీళ్ళ తొట్టి కనిపిస్తుంది. ఇరవై దాటిన కుర్రవాడికి అలాంటి ఆకాశం కింద రెండు నమ్మకాలు పుడతాయి. ఒకటి, లోకంలో కనుక్కోవలసినది ఇంకా చాలా మిగిలి ఉందని. రెండు, దాన్ని కనుక్కోవలసినవాడు తానేనని. మొదటిది నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

అప్పుడే మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి ఒక కర్మాగారం డ్రాయింగు ఆఫీసులో చేరాను. పగలంతా బోల్టులకు, మరలకు కొలతలు వేయడం నా పని. ఆ పని నా స్వభావాన్ని మార్చిందో, నా స్వభావమే వెతుక్కుంటూ వెళ్ళి ఆ పనిని పట్టుకుందో చెప్పలేనుగాని, ఏ సంగతినైనా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయకుండా చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. అమ్మ "ఏం కూర చెయ్యమంటావురా?" అని అడిగితే "ఒకటి, వంకాయలు ఉండాయా? రెండు, ఉంటే లేతవేనా?" అని మొదలుపెట్టేవాణ్ణి. మూడోది రాకముందే ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇంట్లో నాకు 'పట్టీ సామి' అని పేరు స్థిరపడింది.

పేరంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో బిడ్డకు పేరు పెట్టే హక్కు మేనత్తది. కన్నతల్లికి లేదు, తండ్రికీ లేదు. మేనత్త వచ్చి, బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పి, తాంబూలమూ చీరా అందుకోవాలి. అంతవరకు ఆ బిడ్డ 'ఇది', 'అది', మహా అయితే 'పాప'. మా నాయనకు ఒక్కతే అక్క. పక్కనే బళేపేటలో ఉండేది. మా అన్నకూ నాకూ ఆమే పేర్లు పెట్టింది. మాకు అక్కచెల్లెళ్ళు లేరు కాబట్టి అన్న బిడ్డలకు కూడా ఆమే పెట్టాలన్నది అందరూ ఒప్పుకున్న మాట. తీరా మా వదిన హిందూపురంలో, పుట్టింట్లో, ఆడపిల్లను కన్నది. మా అత్త తర్వాత మా ఇంట పుట్టిన మొదటి ఆడపిల్ల. ఆ సంబరంలో వాళ్ళు ఏదో కొత్త ఫ్యాషను పేరు పెట్టి ఉయ్యాల ఊపేశారు. మా అత్త అప్పటికి ఇంకా రైల్లో ఉంది. మా నాయన అక్కడే ఉండి కూడా అడ్డు చెప్పలేకపోయాడు.

అంతే. హిందూపురం స్టేషనులో దిగగానే సంగతి తెలిసి, అత్త అక్కడే తిరుగు రైలెక్కింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మా గడప తొక్కలేదు. మా నాయనకు చిక్కపేటలో పట్టునూలు కొట్టు ఉండేది. అంతకుముందు ప్రతి సాయంత్రం కొట్టు కట్టేసి, అక్క ఇంట్లో కాఫీ తాగి గాని ఇంటికి వచ్చేవాడు కాదు. గొడవయ్యాక ఆమె వాకిలి కనబడకుండా ఉండేందుకు ఊరంతా చుట్టి రావడం మొదలుపెట్టాడు. ఆ చుట్టు దారికి చెప్పులు అరిగాయి. మనిషి కూడా కొంత అరిగాడు. "పోయి ఒక్క మాట అడిగితే ఏమి పోతుంది?" అని అమ్మ అంటే, "ఆమె రాల్యా, నేను పోవల్లనా?" అనేవాడు. బళేపేటలో ఆమె కూడా ఇదే మాట అనేదని మాకు తెలుసు. (ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే కదా.)

ఇక నా దుర్భిణి. దాని పెద్ద అద్దం ఆదివారం సంతలో పాత సామాన్ల కుప్పలో దొరికింది. కన్నుపెట్టే చిన్న అద్దం కళ్ళద్దాల అంగడిలో అడిగి తెచ్చాను. గొట్టం కోసం ఇత్తడి సామాన్లు చేసే కంచరి దగ్గరికి వెళ్ళి కొలతల డ్రాయింగు ఇస్తే, ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "చెంబయితే అడుగు ల్యాదు, పంపయితే పిడి ల్యాదు. నిజం చెప్పప్పా, ఏమిటికిది?" అన్నాడు. ఆకాశం చూడడానికి అన్నాను. "ఆకాశం గొట్టం ల్యాకనే కనపడతా ఉండాది గదా" అన్నాడు గాని, పని మాత్రం చక్కగా చేశాడు.

ఆ చలికాలం కుజుడు వృషభరాశిలో నిప్పుకణంలా వెలుగుతున్నాడు. నేను చూడబోయింది అతన్నే. అయితే కుజుడి చుట్టుపక్కల చుక్కలన్నిటినీ ట్రేసింగు కాగితం మీద గుర్తులు పెట్టి, లైబ్రరీలో చుక్కల పటంతో సరిపోల్చేసరికి, కృత్తికకూ రోహిణికీ మధ్య ఒక చుక్క ఎక్కువైంది. పటంలో లేదు, నా కాగితం మీద ఉంది. కారణాలు రాసుకున్నాను. ఒకటి, అద్దం మీద ఈగ వాలింది. రెండు, అద్దంలో గీత ఉంది. మూడు, గుర్తు పెట్టడంలో నేనే తప్పు చేశాను. (మూడోదాన్ని రాశానేగాని నమ్మలేదు.) మర్నాడు సాయంత్రం చూస్తే ఆ చుక్క పడమటికి జరిగింది. నిండు చందమామ అడ్డంలో సగమంత. ఆ మర్నాడు మరో సగం. ఈగలు అంత క్రమంగా నడవవు. లైబ్రరీ పుస్తకంలో చదివాను: కుజుడికీ గురువుకీ మధ్య ఖాళీలో చిన్న గ్రహాలు వేలకొద్దీ సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి, దుర్భిణిలో అవి అచ్చం చుక్కల్లాగే ఉంటాయి, రోజురోజుకూ జరగడం ఒక్కటే గుర్తు, కొత్తదాన్ని కనుక్కున్నవాడికే పేరు పెట్టే హక్కు. ఆడపేరు పెట్టడం వాడుక. ఆ పుట దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. (ఆ సాయంత్రమే పేర్ల పట్టీ కూడా తయారు చేశాను. మొదటి పేరు వెనక వీధిలో వీణ నేర్చుకునే అమ్మాయిది. మిగతావన్నీ ఆ మొదటి పేరును కప్పిపుచ్చడానికి రాసినవి.)

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "నాయనా, నేనొక గ్రహాన్ని కనుక్కున్నాను."

"యాడుండాది?"

"రోహిణి పక్కన."

"మంచిది. చారు పోసుకో" అన్నాడు మా నాయన.

"కుజుడు కాదు గదరా? వాడు అసలే మంచోడు కాదు" అంది అమ్మ.

కాదని, ఇది ఎవరికీ తెలియని చిన్న గ్రహమని, దీనికి ఇంకా పేరే లేదని, కనుక్కున్న ఇంటివాళ్ళే పెట్టుకోవచ్చని, అదీ ఆడపేరే పెట్టాలని వరుసగా చెప్పాను. మా నాయన చెయ్యి విస్తరిలో ఆగిపోయింది.

"మొగ పేరు పెడితే?"

"పెట్టరు నాయనా."

"అంటే ఆడబిడ్డ. మనింట్లో పుట్టింది."

"పుట్టల్యా నాయనా. ఒకటి, అది కోట్ల ఏండ్లుగా ఉండాది. రెండు..."

"మన మిద్దె మీద కనపడింది. మన ఇంటిదే" అని తీర్పు చెప్పి, మళ్ళీ అన్నం కలపసాగాడు. ఆ తర్వాత అమ్మతో, నా వైపు చూడకుండా, "అయితే పేరు పెట్టే అధికారం మనకి ల్యాదు. మీ వదినెకు చెప్పల్ల" అన్నాడు. ఏడాదిన్నరలో ఆయనంతట ఆయన అక్క మాట ఎత్తడం అదే మొదలు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పేర్ల పట్టీని నేను జేబులోనే మడిచి పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని బళేపేటకు బయలుదేరింది, సాంకేతిక వివరాలకు నన్ను వెంటబెట్టుకుని. అత్త వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "ఏమే, దారి తప్పినావా?" అంది.

"మా ఇంట ఆడబిడ్డకు పేరు పెట్టల్ల వదినె. నువ్వు రావల్ల" అంది అమ్మ ఒక్క గుక్కలో.

అత్త చేట కింద పెట్టి అమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకా? ఈ వయసులోనా?"

"అయ్యో, నాకు కాదు వదినె! వీడిది!"

అత్త నా వైపు తిరిగింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. "వీడిదా? పెండ్లే కాల్యా గదే వీడికి!"

నేను అంకెలు వేసి ఎంత వేగంగా చెప్పగలనో అంత వేగంగా చెప్పాను. అత్త అంతా విని, "గలాటా చేస్తే చేసినావుగాని, పుణ్యానికి ఆకాశంలో చేసినావు" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయన పిలవమన్నాడా, మీరే వచ్చినారా?" అని అడిగింది.

"నాయనే అన్నాడు అత్తా."

"నోటితో అన్నాడా?"

"అన్నం తింటా అన్నాడు."

"అన్నం ముందర అబద్ధం చెప్పడులే" అని మళ్ళీ చేట అందుకుంది. "శుక్రవారం దీపాల యాళకు వస్తా. చీర ఆకుపచ్చది వద్దు, నాలుగు ఉండాయి."

శుక్రవారం ఇంకా రెండు రోజులుంది. ఈలోగా లోకానికి కూడా తెలియజేయాలని, గురువారం సాయంత్రం నా ట్రేసింగు కాగితాలు చుట్టుకుని, కాలేజీలో నాకు లెక్కలు చెప్పిన మేష్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన మదనపల్లె వైపు మనిషి. కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, దీపానికి అడ్డంగా పట్టుకుని, "బలే చేసినావప్పా" అన్నారు. నేను పొంగిపోయాను. ఆయన లేచి అలమరలోంచి ఖగోళ పంచాంగం ఒకటి తీసి, పుటలు తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టారు. నా గ్రహం ఏ రోజు ఎక్కడ ఉంటుందో అందులో ముందే అచ్చేసి ఉంది. రేపు ఎక్కడ ఉంటుందో కూడా ఉంది. దాని పేరు వెస్టా.

మేష్టరు మంచివారు. నా ముఖం చూసి కాఫీ తెప్పించి, దాని కథంతా చెప్పారు. కనుక్కుని నూట ముప్పై ఏళ్ళు దాటిందట. కనుక్కున్నది జర్మనీలో ఒక వైద్యుడు. పగలు రోగుల్ని చూసి, సాయంత్రాలు చుక్కలు చూసేవాడట. వెనకటికి ఒక పెద్ద గ్రహం పగిలిపోయి ఉంటుందని, దాని ముక్కలే ఈ చిన్న గ్రహాలని ఆయన అనుకున్నాడట. ఆ ముక్కల కోసం ఏళ్ళ తరబడి ఒకే చోట కాపు కాస్తే ఇది చిక్కింది. చిక్కాక పేరు తాను పెట్టలేదు. దాని దారి లెక్కగట్టిన ఒక పడుచు గణితజ్ఞుడికి ఆ గౌరవం అప్పగించాడు. అతను రోమునగరంవాళ్ళ పొయ్యిదేవత పేరు పెట్టాడు. "ఆయన ఎట్ల కనుక్కున్నాడో నువ్వూ అట్లే కనుక్కున్నావు. కొంచెం లేటు, అంతే" అన్నారు మేష్టరు. ఆ ఓదార్పు నాకు అందలేదు. ఇంటికి నడుస్తూ నేను ఆలోచించింది నా కీర్తి గురించి కూడా కాదు (కొంతసేపు దాని గురించే, ఒప్పుకుంటాను). అమ్మ పొద్దుననే ఎర్ర అంచు పసుపు చీర తెచ్చి పెట్టింది. నాయన శనగలు నానబెట్టమన్నాడు. పేరున్న బిడ్డకే పేరు పెట్టమని పిలిచామని తెలిస్తే, హిందూపురం అవమానానికి తోడు ఇది రెండోదవుతుంది. ఈసారి అత్త కోపంతో మా గడప దిగితే జన్మలో రాదు.

శుక్రవారం దీపాల వేళకు అత్త వచ్చింది. నేరుగా మిద్దె ఎక్కింది. వెలుతురు బయటికి పోకుండా దీపం మీద గంప బోర్లించి, పక్కన తట్టలో చీర, తమలపాకులు, గుగ్గిళ్ళు పెట్టింది అమ్మ. నాయన ఈ పిట్టగోడ దగ్గర, అత్త ఆ పిట్టగోడ దగ్గర, మధ్యలో నా గొట్టం. ఇద్దరూ అమ్మ ద్వారా మాట్లాడుకుంటున్నారు.

"చెవి ఏ పక్క ఉండాదో మీ ఆయన్ని అడగవే."

"నాకేమి తెలుసు, వాణ్ణి అడగమను."

"సన్నగా ఉండే పక్కే చెవి అయి ఉంటాది" అని అత్తే తేల్చుకుని, కొంగు నడుముకు దోపుకుని వంగబోయింది. నేను గ్రహాన్ని గొట్టం మధ్యకు తెచ్చి పక్కకు జరిగాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కాని కొలత తప్పని తెలిసీ డ్రాయింగు చేతికిచ్చే రకం కాదు నేను.

"అత్తా, దానికి ముందే పేరు ఉండాది" అన్నాను.

నాయన మెట్ల వైపు తిరిగాడు. అమ్మ నన్ను చూసిన చూపుకు ఏ పట్టీలోనూ చోటు లేదు. అత్త నడుము నిటారు చేసి నిలబడింది.

"ఎవరు పెట్టినారు?"

"జర్మనీ ఆయన, అత్తా."

"ఏమవుతాడు?"

"ఎవరికి?"

"బిడ్డకు."

"ఏమీ కాడు. కనుక్కున్నది ఒక డాక్టరు. ఆయన ఇంకొకాయన్ని పెట్టమన్నాడు."

"డాక్టరుకు అక్కచెల్లెండ్లు ల్యారా?"

"తెలీదు అత్తా."

"విచారించినావా?"

"ల్యాదు."

"ముఖ్యమైంది విచారించక, మిగతాదంతా మోసుకొచ్చినావు" అంది అత్త. "మేనత్త పెట్టంది పేరెట్లవుతాది? ఇన్నేండ్లూ ఏదో ఒకటి సుమ్నే, ఊరికే పిలుచుకుంటా ఉండారు పాపం. ఏమని పిలుస్తారు?"

"వెస్టా. వాళ్ళ పొయ్యిదేవత అంట."

"సరే, మరీ అన్యాయం చెయ్యల్యా" అంది.

అప్పుడు మెట్ల దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది. "అట్లయితే హిందూపురంలో పెట్టింది కూడా చెల్లదు గదక్కా?"

ఏడాదిన్నర తర్వాత, నేరుగా, మధ్యవర్తి లేకుండా. అత్త అటు తిరగలేదు. "నేనెప్పుడో అనుకున్నా ఆ మాట. నీకే తట్టల్యా" అంది. ముక్కుపుడక ఒక్కసారి మెరిసింది. నా వైపు వేలు చూపించి, "నువ్వు చెప్పు. ఎట్లుంటాది బిడ్డ? గుణాలు తెలీక పేరెట్ల పెట్టేది?" అని అడిగింది.

ఇది నాకు చేతనయిన పని. "ఒకటి, చిన్నది. ఈ అంచు నుంచి ఆ అంచుకు బెంగళూరు నుంచి మద్రాసుకు పోయే రైలు దారంత, అంతే. గ్రహాల్లో అది పిడికెడు. రెండు, చిన్నదయినా మెరుపు జాస్తి. దానికంటే పెద్దవి ఉండాయి, అవి ఇంత వెలగవు. మూడు, వట్టి రాయి. నీళ్ళు ల్యావు, గాలి ల్యాదు. నాలుగు, ఉన్నచోట ఉండదు. సూర్యుని చుట్టూ తిరగతా, తన చుట్టూ తాను గూడా కొన్ని గంటలకొకసారి తిరిగేస్తాది. ఐదు, చుట్టూ దానిలాంటివి వేలు ఉండాయి. ఆ గుంపులో దాని దారి అది పోతా ఉంటాది."

నాయన రెండడుగులు ముందుకొచ్చాడు. "పొట్టిది, మెరస్తా ఉంటాది, ఒక్కచోట కుదురుగా కూచోదు, ఇంటినిండా మంది... అక్కా, ఇది..."

"నోరు ముయ్యి. చెవిలో చెప్పకముందు బయట చెప్పగూడదు" అంది అత్త.

ఆమె వంగి, గొట్టం సన్నని కొసకు చెయ్యి అడ్డం పెట్టి, మూడుసార్లు చెప్పింది. గుసగుసగానే చెప్పినా ఆ చీకటి పేటలో మాకందరికీ వినిపించింది. చెంగమ్మ. మా నాయనమ్మ పేరు. నేను పుట్టకముందే పోయిన మనిషి. మా అత్త హిందూపురం రైల్లో మోసుకుపోయి, దించడానికి చోటు లేక మళ్ళీ వెనక్కి తెచ్చుకున్న పేరు అదని నాకు అప్పుడు అర్థమైంది. కోపం తన హక్కు పోయినందుకని మేమందరం అనుకున్నాం. ఏడాదిన్నర పాటు.

"అక్కడ ఆ పేరే చెప్పబోయినానక్కా. అంతమంది వియ్యంకుల్లో నోరు పెగలల్యా" అన్నాడు నాయన.

"తెలుసులే. నీకెప్పుడు పెగిలింది" అంది అత్త.

ఆమె గొట్టానికి కన్ను ఆనించింది. చాలాసేపు తీయలేదు. "ఔనురా, మా యమ్మే" అని, తమ్ముడి భుజం పట్టుకుని లాగి చూపించింది. ఆయన కూడా చాలాసేపు చూశాడు. కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వాళ్ళిద్దరూ గుగ్గిళ్ళ వైపు మళ్ళాక నేను కన్ను పెట్టాను. గొట్టంలో గ్రహం లేదు. భూమి తిరుగుతూనే ఉంటుంది, నా గొట్టానికి ఆకాశంతో పాటు తిరిగే యంత్రమేదీ లేదు. మేనత్తల గురించి మేం వాదించుకుంటున్నంతసేపట్లో గ్రహం మెల్లగా అంచు దాటి వెళ్ళిపోయింది. దాని చోటికి ఏదో దారినపోయే చుక్క, పేరూ ఊరూ లేనిది, వచ్చి నిలబడింది. వాళ్ళిద్దరూ చూసింది దాన్ని.

"ఒకటి..." అన్నాను.

"ఏమిరా?" అంది అత్త. తన చేతిలోని గుగ్గిళ్ళు సగం నాయన చేతిలోకి పోస్తోంది.

"ఒకటి, చలిగా ఉండాది. కిందికి పోదాం" అన్నాను.

ఆ తర్వాత నేను మంచి దుర్భిణులే చూశాను, ఒకటి రెండు చేశాను కూడా. చెంగమ్మ ఏ నెలలో ఏ రాశిలో ఉంటుందో, ఎప్పుడు బాగా వెలుగుతుందో అడిగినవాళ్ళకు చెప్పగలను. నాయనా అత్తా ఇప్పుడు లేరు. కాని ఆ సాయంత్రం వాళ్ళు వంతులేసుకుని చూసిన చుక్క ఏదో నాకు తెలియదు. గొట్టం ఎటు తిరిగి ఉందో తెలుసు, ఎంతసేపు మాట్లాడుకున్నామో ఇంచుమించు తెలుసు. పటం ముందేసుకుంటే అరగంట పని. అప్పుడప్పుడు పెన్సిలు చెక్కుకుని కూర్చుంటాను కూడా. అన్నిటికీ లెక్కలు వేసే మనిషిని, ఎందుకో ఆ ఒక్క లెక్కా ఇంతవరకు వేయలేదు.